బంకు పాయింట్ల లెక్క: బెంగళూరులో రెండు కార్డులు, ఆస్ట్రేలియాలో నాలుగు సెంట్లు

ముందు తీర్పు, తర్వాతే వివరాలు. బెంగళూరులో నెలకు మూడు నాలుగు వేల రూపాయల పెట్రోలు తాగే కారుకు ఇండియన్ ఆయిల్–హెచ్‌డీఎఫ్‌సీ కార్డు మంచిది. ఎనిమిది నుంచి పది వేల దాకా తాగే కారుకు బీపీసీఎల్–ఎస్‌బీఐ కార్డు మేలు. నెలకు వెయ్యి దాటని స్కూటరుకు రెండూ దండగే, యూపీఐ కొట్టి వెళ్లిపోవచ్చు. ఇక మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడి బంకు, సూపర్‌మార్కెట్ పాయింట్లు చూసి "మన దగ్గరా ఇలా ఉంటే ఎంత బాగుండు" అనుకుని వచ్చేవాళ్లు మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో ఇంటికొకరు ఉన్నారు. వాళ్లు రెండు దేశాల లెక్కా పక్కపక్కన పెట్టి చూస్తే కొంచెం ఆశ్చర్యపోతారు.

మన దగ్గరిది ముందు చూద్దాం. ప్రభుత్వ రంగ కంపెనీలు మూడింటి బంకుల్లోనూ ఊరంతా దాదాపు ఒకటే ధర, తేడా వస్తే పైసల్లోనే. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజూ ఉదయం ఆరింటికి ధర సవరించే పద్ధతి వచ్చింది. అంతకు ముందు మే నెలలో ప్రయోగంగా మొదలుపెట్టిన అయిదు ఊళ్లలో మన విశాఖపట్నం ఒకటి. రోజూ మార్చే వీలున్నా ధర నెలల తరబడి కదలకుండా కూర్చోవడం మనకు అలవాటే. ధరలో పోటీ లేదు కాబట్టి మూడు కంపెనీలూ పాయింట్లతోనే పోటీ పడతాయి. షెల్, నయారా, జియో-బీపీ లాంటి ప్రైవేటు బంకుల్లో మాత్రం ధర వేరుగా ఉండొచ్చు. లోపలికి వెళ్లే ముందే బోర్డు చూసుకోవాలి.

బీపీసీఎల్–ఎస్‌బీఐ కార్డు ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె 4.25 శాతం. అందులో 3.25 శాతం పాయింట్లు: భారత్ పెట్రోలియం బంకులో ప్రతి వంద రూపాయలకూ 13 పాయింట్లు, నాలుగు పాయింట్లకు ఒక రూపాయి. మిగతా ఒక శాతం సర్‌ఛార్జి వాపసు. కిటుకంతా ఈ ఒక్క శాతంలోనే ఉంది. క్రెడిట్ కార్డు గీకినప్పుడు ఒక శాతం సర్‌ఛార్జి, దాని మీద 18 శాతం జీఎస్‌టీ పడతాయి. తర్వాత సర్‌ఛార్జి వెనక్కి వస్తుంది, జీఎస్‌టీ రాదు. యూపీఐతో కడితే ఈ సర్‌ఛార్జే లేదు. మన జేబులోంచి తీసుకున్నది మనకే తిరిగిచ్చి దాన్ని లాభం కింద రాసుకోవడం బ్యాంకులకే చెల్లింది.

అంకెల్లో చూద్దాం. లీటరు 103 రూపాయలు అనుకుందాం. 3,900 రూపాయల పెట్రోలు కొట్టిస్తే 507 పాయింట్లు వస్తాయి, అంటే 126 రూపాయల 75 పైసలు. సర్‌ఛార్జి 39 రూపాయలు పడి, తర్వాత వెనక్కి వస్తుంది. దాని మీది జీఎస్‌టీ 7 రూపాయల 2 పైసలు పోతుంది. చేతికి మిగిలేది 119 రూపాయల 73 పైసలు, అంటే 3.07 శాతం. ప్రకటనలోని 4.25కీ దీనికీ దూరం ఎంతో చూడండి. అయినా మూడు శాతం తక్కువేమీ కాదు.

3,900 అంకె కావాలని తీసుకున్నదే. ఈ కార్డులో సర్‌ఛార్జి వాపసు వచ్చేది ఒక లావాదేవీలో బిల్లు నాలుగు వేల రూపాయలు దాటనంత వరకే. బంకులో "ఫుల్ ట్యాంక్" అనేసి ఫోను చూసుకుంటూ కూర్చుంటే నలభై లీటర్లు పట్టి బిల్లు 4,120 అవుతుంది. అప్పుడు సర్‌ఛార్జి 41 రూపాయల 20 పైసలు, జీఎస్‌టీ 7 రూపాయల 42 పైసలు, రెండూ గోవిందా. పెద్ద ట్యాంకు ఉన్న ఎస్‌యూవీలకు ప్రతిసారీ ఇదే తంతు. కుర్రాడికి ముందే "మూడు వేల తొమ్మిది వందలకు కొట్టు" అని చెప్పాలి. నెలకు ఇంకో గీత కూడా ఉంది: బిల్లింగ్ చక్రంలో 1,300 పాయింట్లు దాటితే లెక్కలోకి రావు, అంటే పది వేల రూపాయల పెట్రోలు వరకే. సర్‌ఛార్జి వాపసు కూడా నెలకు వంద రూపాయల దగ్గర ఆగిపోతుంది. ఏడాది రుసుము 499, జీఎస్‌టీతో కలిపి 589 దాకా. చేరినప్పుడు ఇచ్చే రెండు వేల పాయింట్ల విలువ అయిదు వందలు కాబట్టి మొదటి ఏడాది రుసుము దాదాపు చెల్లిపోయినట్టే.

హెచ్‌డీఎఫ్‌సీ వాళ్ల ఇండియన్ ఆయిల్ కార్డు లెక్క వేరు. ఖర్చులో అయిదు శాతం "ఫ్యూయల్ పాయింట్లు"గా ఇస్తుంది. మొదటి ఆరు నెలలు నెలకు 250 పాయింట్ల వరకు, ఆ తర్వాత 150 వరకే. ఒక ఫ్యూయల్ పాయింటును ఇండియన్ ఆయిల్ సొంత పాయింట్ల పథకం ఎక్స్‌ట్రా రివార్డ్స్‌లోకి మార్చుకుంటే మూడు పాయింట్లవుతుంది. వాటి విలువ ఒక్కోటి 32 పైసలు, మొత్తం 96 పైసలు. అదే ఫ్యూయల్ పాయింటును స్టేట్‌మెంటులో నగదుగా తీసుకుంటే 20 పైసలే! పాయింటు ఒకటే, మీట నొక్కేది మీరే, విలువ అయిదో వంతుకు పడిపోతుంది. బ్యాంకు యాప్‌లో ముందు కనిపించేది చాలాసార్లు ఆ నష్టపు దారే. దాన్ని ముట్టుకోవద్దు.

150 ఫ్యూయల్ పాయింట్లంటే 144 రూపాయలు. దానికి నెలకు మూడు వేల పెట్రోలు చాలు. మూడు వేలకు బీపీసీఎల్ కార్డు ఇచ్చేది 97 రూపాయల 50 పైసలే. పెట్రోలు నాలుగున్నర వేలకు చేరే చోట రెండూ సమానమవుతాయి, అక్కడి నుంచి బీపీసీఎల్ కార్డు ముందుకెళ్లిపోతుంది. పది వేల దగ్గర అది 325 ఇస్తే ఇది 144 దగ్గరే ఆగి ఉంటుంది. ఇంట్లో రెండు కార్లుంటే చెరొక కార్డు పెట్టుకోవడం నయం. హెచ్‌డీఎఫ్‌సీ కార్డులో సర్‌ఛార్జి వాపసుకు కింది గీత నాలుగు వందల బిల్లు. స్కూటరులో మూడు వందలకు కొట్టిస్తే వాపసు రాదు, అందుకే మొదట్లోనే స్కూటరును పక్కన పెట్టాం. ఈ నిబంధనలన్నీ బ్యాంకులు తరచూ మారుస్తుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు తాజా షరతుల కాగితం ఒకసారి చదవాలి. గీతలు మారినా లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

పాయింట్లు రావడం సులువు, ఖర్చు పెట్టడమే కష్టం. ఎక్స్‌ట్రా రివార్డ్స్ పాయింట్లు వాడాలంటే బంకులో ఆ పాయింట్లు తీసుకునే మెషీన్ పనిచేస్తుండాలి, దాన్ని నడపడం వచ్చిన మనిషి ఆ షిఫ్టులో ఉండాలి, మన ఫోనుకు ఓటీపీ రావాలి. మూడింట్లో ఒకటి తప్పినా వెనక కార్లు హారన్లు మోగిస్తాయి. ఎక్కువగా జరిగే తప్పు ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గరే ఉంటుంది: పెట్రోలు పట్టాక, కుర్రాడు మొత్తం డబ్బు మెషీన్‌లో కొట్టేశాక "పాయింట్లు వాడాలి" అనడం. అప్పటికి బిల్లు అయిపోయి ఉంటుంది. కారు ఆపీ ఆపగానే, నాజిల్ తీయక ముందే అడగాలి: "పాయింట్స్ రిడీమ్ ఆగుత్తా?" (పాయింట్లు వాడటం కుదురుతుందా?) "ఆగల్ల", అంటే కుదరదు, అని జవాబొస్తే పాయింట్లు దాచుకుని మామూలుగా కట్టేసి రావడమే. ఇంకో చిక్కు ఫోను నంబరుది. కార్డు భర్త పేరున, రివార్డ్స్ ఖాతా భార్య నంబరు మీద ఉంటే ఓటీపీ ఇంట్లో మోగుతుంది. రెండు చోట్లా ఒకే నంబరు ఉండేట్టు మొదట్లోనే చూసుకోవాలి.

ఏ బంకుకు వెళ్లాలన్నదీ ముఖ్యమే. కంపెనీ సొంతంగా నడిపే బంకులుంటాయి, బోర్డు మీద కోకో అని రాసి ఉంటుంది. డీలరు బంకుల కన్నా అక్కడ మెషీన్లు, సిబ్బంది ఈ పాయింట్ల పనికి కొంచెం అలవాటు పడి ఉంటారు. బీపీసీఎల్ కార్డు పాయింట్లను పెట్రోలుకు వాడే సౌకర్యమూ ఎంపిక చేసిన బంకుల్లోనే, కాబట్టి మీ దారిలో ఉన్నది ఆ జాబితాలో ఉందో లేదో ఒకసారి అడిగి పెట్టుకోవాలి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. మూడు శాతం పాయింట్ల కోసం లెక్కలు కట్టే మనిషి కొలతలో మోసపోతే ఏం లాభం? "జీరో నోడి సార్" (సున్నా చూడండి సార్) అనగానే తల తిప్పి చూడాలి, తర్వాత కూడా చూస్తూనే ఉండాలి. వెయ్యి అడిగితే రెండు వందల దగ్గర ఆపి "మిగతాది కొడతా" అని మళ్లీ మొదలుపెట్టడం పాత ఎత్తు. రెండోసారి సున్నా చేయకుండా రెండు వందల మీది నుంచే నడిపి ఎనిమిది వందల దగ్గర ఆపితే మన రెండు వందలు గాలిలో కలిసిపోతాయి. అనుమానం వస్తే ప్రతి బంకులోనూ ఉండాల్సిన ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర తెప్పించి పట్టించవచ్చు, అది వినియోగదారుడి హక్కు. తేడా 25 మిల్లీలీటర్లు దాటకూడదు. ఇంకో తమాషా కూడా చూడొచ్చు: ఫోను వాడరాదన్న బోర్డు కిందే క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది.

ఇక ఆస్ట్రేలియా. అక్కడ కుర్రాడు ఉండడు, కారు దిగి నాజిల్ మనమే పట్టుకోవాలి. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు తడబడేది నాజిళ్ల రంగుల దగ్గరే. ఈ10, 91, 95, 98 (ఈ అంకెలు పెట్రోలు ఆక్టేన్ రకాలు), డీజిల్ అని అయిదారు వరసగా ఉంటాయి. కారు పెట్రోలు మూత లోపల ఏది పోయాలో రాసి ఉంటుంది, అదే చూడాలి. అక్కడి ఈ10 అంటే ఇథనాల్ పది శాతం వరకు. మన ఈ20కి అలవాటు పడ్డవాళ్లకు అదేమీ కొత్త కాదు, కానీ పాత కార్లు కొన్ని దాన్ని ఒప్పుకోవు. నాజిల్ పెట్టి మీట నొక్కితే ట్యాంకు నిండగానే టక్కుమని దానంతటదే ఆగుతుంది. ఆగాక ఇంకాస్త, ఇంకాస్త అని నొక్కితే ఒలుకుతుంది. పంపు నంబరు గుర్తుపెట్టుకుని లోపలి దుకాణంలోకి వెళ్లి, నంబరు చెప్పి డబ్బు కట్టాలి. రాత్రిపూట కొన్ని చోట్ల ముందే కట్టించుకుంటారు. మనిషే లేని బంకుల్లో పంపు దగ్గరే కార్డు పెట్టాలి, అక్కడ జాగ్రత్త. కొన్నిచోట్ల మనం పోసుకునే దానికన్నా పెద్ద మొత్తం, వంద డాలర్లో అంతకు మించో, ముందు ఆపి ఉంచుతారు, మిగతాది వదలడానికి కొన్ని రోజులు పడుతుంది. విదేశీ డబ్బు వేసుకెళ్లే ఫారెక్స్ కార్డులో డబ్బు తక్కువున్నవాళ్లు దుకాణం లోపల కట్టే బంకుకే వెళ్లాలి.

పాయింట్ల సంగతి ఇది. అక్కడి రెండు పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థలు వూల్‌వర్త్స్, కోల్స్. వూల్‌వర్త్స్ వాళ్ల పాయింట్ల పథకం ఎవ్రీడే రివార్డ్స్, కోల్స్ వైపు ఫ్లైబయ్స్, రెండూ ఒకే తీరు: సూపర్‌మార్కెట్‌లో డాలరుకు ఒక పాయింటు, రెండు వేల పాయింట్లకు పది డాలర్లు. అంటే సగం శాతం. మన కార్డుల మూడు శాతం పక్కన పెడితే నవ్వొస్తుంది. రెండు వేల డాలర్ల కిరాణా కొంటే గానీ పది డాలర్లు రావు. అది పెరిగేది యాప్‌లో వారం వారం వచ్చే "బూస్ట్" ఆఫర్లతోనే, వాటిని కొనే ముందే యాక్టివేట్ చేయాలి. బిల్లు అయ్యాక నొక్కితే ఫలితం ఉండదు. సెల్ఫ్ చెకౌట్ దగ్గర వస్తువులన్నీ స్కాన్ చేసి, డబ్బు కట్టేశాక కార్డు గుర్తొస్తే ఆ బిల్లు పాయింట్లు పోయినట్టే లెక్క. ముందు కార్డు స్కాన్, తర్వాతే ఉల్లిపాయలు.

పెట్రోలుకు వచ్చేది సూపర్‌మార్కెట్‌లో ముప్ఫై డాలర్ల కొనుగోలుకు లీటరు మీద నాలుగు సెంట్ల తగ్గింపు. ఒకప్పుడు సూపర్‌మార్కెట్ బిల్లు కింద ముద్రించిన చీటీని చింపి బంకులో ఇచ్చేవారు, ఇప్పుడది కార్డులోకి, యాప్‌లోకి వెళ్లిపోయింది. నాలుగు దగ్గరే ఆగడానికి కారణం అక్కడి పోటీ నియంత్రణ సంస్థ ఏసీసీసీ. సూపర్‌మార్కెట్లు పెద్ద పెద్ద తగ్గింపులు ఇచ్చుకుంటూ పోతే చిన్న బంకులు మూతపడతాయని అది అభ్యంతరం చెప్పడంతో, సూపర్‌మార్కెట్ జేబులోంచి ఇచ్చే తగ్గింపును నాలుగు సెంట్లకు పరిమితం చేస్తామని కోల్స్, వూల్‌వర్త్స్ 2013 చివర్లో హామీ ఇచ్చాయి. 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. యాభై లీటర్లు పోసుకుంటే మిగిలేది రెండు డాలర్లు.

ఆ తర్వాత ఇద్దరూ బంకుల వ్యాపారం నుంచే తప్పుకున్నారు. వూల్‌వర్త్స్ తన బంకులను 2019లో ఈజీ గ్రూప్‌కు అమ్మేసింది. కోల్స్ ఎక్స్‌ప్రెస్ 2023లో వీవా ఎనర్జీ చేతికి వెళ్లింది, తర్వాత దాని పేరు రెడ్డీ ఎక్స్‌ప్రెస్‌గా మారింది. బోర్డు చూసి మనవాళ్లెవరో పెట్టారనుకుని ఫొటోలు దిగేవాళ్లకు కొదవ లేదు. బంకులు చేతులు మారినా పాయింట్ల బంధం మిగిలింది, ఎందుకంటే మనం ఏం కొంటున్నామో చెప్పే సమాచారం ఆ కార్డులోనే ఉంది. ఏసీసీసీ 2019 డిసెంబరులో ఇచ్చిన లాయల్టీ పథకాల నివేదిక కూడా ఆ సమాచారం ఎలా సేకరిస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు అన్నదాని మీద గట్టిగానే ప్రశ్నించింది. మన బంకులో నలుగురూ వింటుండగా పది అంకెల ఫోను నంబరు గట్టిగా చెప్పేస్తాం, అది వేరే సంగతి.

నాలుగు సెంట్ల కోసం అక్కడ పెట్రోలు పోసుకునే రోజు మార్చుకోవడం అమాయకత్వం. అసలు డబ్బు ధరలోనే ఉంది. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, అడిలైడ్‌లలో ధర ఒక చక్రంలా తిరుగుతుంది: ఒక్కసారిగా ఎగసి, తర్వాత వారాల తరబడి మెల్లగా దిగుతుంది. శిఖరానికీ అడుగుకూ మధ్య లీటరుకు ముప్ఫై నలభై సెంట్ల తేడా మామూలే. యాభై లీటర్లకు పదిహేను, ఇరవై డాలర్లు! ఒకే రోజు ఒకే పేటలో రెండు బంకుల మధ్యా తేడా ఉంటుంది. అందుకే న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 2016లో ఏ బంకులో ఎంత ధరో చూపే ఫ్యూయల్‌చెక్ తెచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో అంతకు ముందే, 2001 నుంచి ఫ్యూయల్‌వాచ్ ఉంది: ప్రతి బంకూ రేపటి ధరను మధ్యాహ్నం రెండింటిలోగా ప్రభుత్వానికి చెప్పాలి, మర్నాడు ఉదయం ఆరు నుంచి ఇరవై నాలుగు గంటలు ఆ ధర మారకూడదు. సాయంత్రం రేపటి ధర చూసుకుని, ఇవాళ పోసుకోవాలో రేపు పోసుకోవాలో నిర్ణయించుకోవచ్చు. వినియోగదారుడికి ఇంతకన్నా మంచి లాయల్టీ కార్డు ఉంటుందా?

యాప్‌లలో మా మార్కులు ఎక్కువగా పడేది సెవెన్-ఎలెవెన్ ధర లాక్‌కు. దగ్గర్లోని వాళ్ల బంకుల్లో చౌక ధరను యాప్‌లో లాక్ చేస్తే ఏడు రోజుల పాటు అదే ధరకు పోసుకోవచ్చు. ఈలోగా బంకులో ధర ఇంకా తగ్గితే ఆ తగ్గిన ధరే పడుతుంది. చక్రం అడుగున ఉన్న రోజు లాక్ చేసి, శిఖరం వచ్చిన రోజు వాడాలి. అన్ని రాష్ట్రాల్లో వాళ్ల బంకులు లేకపోవడం ఒక్కటే లోటు. తల్లిదండ్రులకు పిల్లలు నేర్పాల్సింది ఇది. ఫ్లైబయ్స్ తర్వాత.

ఇదే చూపుతో బెంగళూరుకు తిరిగి వస్తే, మనకూ ధరలో తేడా దొరికే చోటు ఒకటుంది: రాష్ట్ర సరిహద్దు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కర్ణాటక 2024 జూన్‌లో పన్ను పెంచాక కూడా ఆంధ్రలో లీటరు ఆరేడు రూపాయలు ఎక్కువే ఉంటూ వచ్చింది. నలభై లీటర్లకు రెండు వందల నలభై పైమాటే. హెచ్‌డీఎఫ్‌సీ కార్డు నెలంతా కలిపి ఇచ్చేదానికన్నా ఇది ఎక్కువ. అనంతపురం, కర్నూలు వెళ్లేవాళ్లు బాగేపల్లి దాటక ముందే, చిత్తూరు, తిరుపతి వెళ్లేవాళ్లు ముళబాగిలు దగ్గరే ట్యాంకు నింపుకోవాలి. హైదరాబాదు దాకా వెళ్లేవాళ్లకు తెలంగాణలోనూ ధర కర్ణాటక కన్నా ఎక్కువే కాబట్టి మధ్యలో పోయించుకోక తప్పదు, అక్కడ అవసరమైనంతే పోయించి మిగతాది తిరుగు ప్రయాణంలో కర్ణాటకలోకి వచ్చాక నింపుకోవచ్చు. సరిహద్దు బంకుల్లో పండగ ముందు రోజుల్లో వరస పెద్దగా ఉంటుంది, మెషీన్లు మొరాయిస్తాయి. పాయింట్లు వాడే ప్రయత్నం అక్కడ వద్దు, కార్డు గీకి పాయింట్లు కూడబెట్టుకుంటే చాలు. ఆ బిల్లును కూడా నాలుగు వేల లోపే ఉంచండి.